బస్సు దిగినా కార్డు ఉండనివ్వండి

మేనేజరు గారికి నమస్కారం.

ఇరవై రెండేళ్లుగా మన ఫ్యాక్టరీ బస్సు నడుపుతున్నాను. చూపు తగ్గింది, ముందే రిటైరవుదామనుకున్నాను. కానీ నా భార్య నాగులమ్మకు డయాలసిస్ నా ఉద్యోగంతో వచ్చిన వైద్య కార్డు మీదే జరుగుతోంది. ఉద్యోగం మానితే కార్డు పోతుంది. అందుకే కళ్ల సంగతి మీకు చెప్పకుండా దాచాను.

నిన్న కట్టంగూర్ దగ్గర బస్సుకు గొర్రెల మంద అడ్డమొస్తే దగ్గరికి పోయేదాకా కనిపించలేదు. "కండ్లు కనిపిస్తలేవా అన్నా?" అని కాపరి అరిచాడు. ఇంటికెళ్లి చెబితే నాగులమ్మ ఏడ్చింది.

"నా పానం కోసం మంది పానాలు తీస్తవా? రేపు బస్సెక్కినవంటే నేను దవాఖానకు పోను" అన్నది. ఆమె అన్నంత పనీ చేస్తుంది.

గేటు కాపలా, ఊడ్చే పని, ఏదిచ్చినా చేస్తాను. బస్సు తాళాలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. రేపు నేనే వచ్చి అడిగినా ఇవ్వకండి.

ఇట్లు,
మీ బస్సు డ్రైవరు