పెళ్లి గురువారం

నూజివీడు,
10-5-58

పూజ్యులైన బావగారికి నారాయణరావు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, మా నాన్న తన సొంత సరుకు కోసం పెట్టిపోయిన టెలిగ్రాం కోడు తప్ప. దాన్ని నిన్ననే సాగనంపాను.

ఈ ఏడు మా మామిడి రైతుల సంఘం దళారులను తప్పించి మొదటిసారి నేరుగా మీ మద్రాసు కొట్టుకు రసాలు పంపుతోంది. దళారులకు తెలియకుండా కోడు కావాలి, ఒప్పుకుంటాను. కాని వ్యాగన్ మీకు చేరే రోజును ‘పెళ్లి’ అనీ, సరుకు చెడితే ‘తద్దినం’ అనీ రాసుకోవడమేమిటండీ? కొత్త కోడు నేనే రాశాను. పుస్తకం అచ్చులో ఉంది. మీకు అందేదాకా ఆగాలా? రాకెట్టు వేసిన రష్యావాళ్లు ఊరూరా అడిగి వేశారా? రేపటి నుంచే వాడుతున్నాను. ప్రాణం పోయినా పాతదానికి తిరిగి రాను.

మీ బావమరిది,
నారాయణరావు

తా.క. నలభై అయిదేళ్లుగా పెళ్లి అనే మాటను నా గడప తొక్కనివ్వలేదు. టెలిగ్రాంలోకి రానిస్తానా?

మద్రాసు,
19-5-58

చిరంజీవి నారాయణరావుకు రాఘవయ్య ఆశీస్సులు.

‘స్పుట్నిక్ గురువారం చేరుతుంది’ అన్న నీ టెలిగ్రాం అందింది. పుస్తకం అందలేదు. గురువారం సాయంత్రం వీధి వీధంతా మా డాబా ఎక్కి ఆకాశంలోకి చూశాం. శనివారం గూడ్సు షెడ్డు నుంచి కబురొచ్చింది, మీ వ్యాగన్ కారుతోందని. రసాలు రసంగానే చేరాయి నాయనా.

రాఘవయ్య

తా.క. కదిలే చుక్క ఒకటి కనబడితే మీ అక్క దండం పెట్టింది. నీ కొత్త కోడు పుణ్యమా అని ఇంకో దేవుడు పెరిగాడు.

నూజివీడు,
26-5-58

బావగారికి నమస్కారాలు.

తప్పు నా కోడుది కాదు, ఆకాశంలో మామిడికాయలు వెతికిన మీ వీధిది. పుస్తకం పోస్టు చేశాను. కాని సంఘంలో సాంబయ్య అనే రైతు లేచి, “పుస్తకం చేరని కోడు, కాడి కట్టని నాగలి ఒకటేనండీ. ఈ వ్యాగన్ కూడా కుళ్లితే మేం మళ్లీ దళారుల గుమ్మానికే పోతాం” అన్నాడు. అందరూ తలలూపారు. సంఘం బతకాలి గనక, ఈ ఒక్కసారికి, రేపు పాత కోడులోనే టెలిగ్రాం ఇస్తాను. ఇది ఓటమి కాదు, వ్యూహం.

నారాయణరావు

తా.క. ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు. పోస్టుమాస్టరు చేత రాయిస్తాను.

బెజవాడ స్టేషను,
29-5-58

చిరంజీవి నారాయణరావుకు మా అందరి ఆశీస్సులు.

నీ పుస్తకం సోమవారం అందింది. ఛాందసుణ్ణి అనిపించుకోకూడదని పాతది పొయ్యిలో పెట్టాను. మర్నాడే నీ టెలిగ్రాం: ‘పెళ్లి గురువారం’. కొత్త పుస్తకం నాలుగుసార్లు తిరగేశాను, ఆ మాట లేదు. పాత కోడులో ఉందనుకో. కాని ప్రాణం పోయినా తిరిగి రానన్నవాడివి, నీ మాట మీద నాకు నమ్మకం ఉంది. కనుక ఇది నిజం పెళ్లే. మీ అక్క ఒకటే ఏడుపు, ఆనందంతో. బుధవారం తెల్లారేసరికి కొట్టుకు తాళం వేసి, గుమాస్తాకు సెలవిచ్చి, పురోహితుడితో సహా పద్నాలుగు మందిమి బండెక్కాం. ఉత్తరాలేమైనా రాసి ఉంటే తీరిగ్గా వెళ్లి చదువుకుంటాను. మాకంటే ముందు ఈ కార్డు అందితే పెళ్లికూతురి పేరు చెప్పి స్టేషనుకు మనిషిని పంపు.

నీ బావ,
రాఘవయ్య

తా.క. ఒంగోలు దగ్గర ఒక గూడ్సు మాకు ఎదురొచ్చింది. మా పెట్టంతా రసాల వాసన. ఎవరి సరుకో గాని, మద్రాసులో దించుకునేవాడు పెట్టి పుట్టాడంది మీ అక్క.