మధుకు నేను రాసిన మాట

కవితా,

నువ్వు పోయాక మీ మధు నాకు కూతురితో సమానం. అందుకే దాని ఎమ్మెస్సీ సీటుకు సిఫార్సు ఉత్తరం రాయడానికి జంకాను. వేరే పిల్లలకైతే ‘బ్రిలియంట్’ అని ఇట్టే రాసేస్తాను. స్నేహితురాలి బిడ్డని వెనకేసుకొచ్చిందంటారని దీనికి ‘సిన్సియర్’ అని పెట్టాను. తెలివి అంతంతమాత్రమైన పిల్లలకు మా కాలేజీలో వాడే మాట అది. మధు క్లాసులో ఫస్టు.

సీటు రాలేదు. నిన్న వడమాలపేట నుంచి బస్సులో వచ్చి, "నువ్వు రాసినా రాలేదంటే, నాకే అంత తెలివి లేదేమో పిన్నమ్మా" అనింది.

ఏం రాశానో చెప్పడానికి నోరు రాలేదు. "అట్లనొద్దే, నువ్వు బ్రిలియంట్" అన్నాను.

"ఊరుకో పిన్నమ్మా, నన్ను ఓదార్చేదానికి చెప్తా ఉండావు" అని నవ్వి, నాకు కాఫీ పెట్టడానికి లేచింది.