నవధాన్యాల పిల్లరు

టాంపినీస్,
ఆదివారం

సూరయ్య మామా,

ఫోన్లో నీకు సరిగా వినపడటం లేదని రామలక్ష్మి అత్త చెప్పింది, అందుకే రాస్తున్నాను. ఐదు నెలలుగా నాకు పని లేదు. మా కంపెనీ నమ్ముకున్న గవర్నమెంటు టెండరు వాయిదా పడుతూ వచ్చింది. ఇంట్లో కూర్చోలేక, రోజూ, ఈ పరాయి దేశంలో నువ్వు మేస్త్రీగా ఉన్నప్పుడు మనం కట్టిన అపార్టుమెంట్ల బ్లాకు ఎదుటి బెంచీ మీద కూర్చుంటున్నాను. నీ కేకలు, నేను పిల్లర్లకి ఇనుప చువ్వలు కట్టిన ఆ రోజులే గుర్తొస్తున్నాయి. మొదటి పిల్లరు గుంటలో కాంక్రీటు పోసే ముందు, అత్త పసుపు గుడ్డలో కట్టిచ్చిన నవధాన్యాలు నువ్వు లోపల పెట్టావు. చైనా సూపర్‌వైజరు అరవబోయి, నీ మొహం చూసి తనూ దణ్ణం పెట్టాడు.

మొన్న ఆ టెండరుకి డబ్బు మంజూరైంది. నాకూ పని దొరికింది. మన బ్లాకుని కూల్చి కొత్తది కట్టే పని, మామా. అందులోవాళ్లంతా ఖాళీ చేసి వెళ్లిపోయారు. వద్దనే ధైర్యం నాకు లేకపోయింది.

వచ్చే నెల మొదలు. ఆ మూట పెట్టింది లిఫ్టు పక్క పిల్లరు కిందా, మెట్ల పక్కదాని కిందా? తప్పకుండా రాయి. మిగతావాటి సంగతి మిషన్లు చూసుకుంటాయి. దాని దగ్గర మాత్రం, సేఫ్టీ ఆఫీసరు ఎంత తిట్టినా సరే, నేను బూట్లు విప్పి నిలబడాలి.

నీ దగ్గర పని నేర్చుకున్నవాడు