గడప దగ్గర ఇచ్చిన అన్నం

పెనుకొండ,
శనివారం.

చిరంజీవి ప్రసాద్‌కు,

పెద్దక్క దీవించి రాస్తున్నది. దేవుని దయవల్ల మీ బావ, నేను ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వు, పవిత్ర, పిల్లలు హైదరాబాదులో బాగున్నారని నీ మెసేజ్ చూసి తెలుసుకున్నాను. క్షేమం సంగతి ఇంతటితో సరి. నేను నీమీద కోపంగా ఉన్నాను. రెండు వారాలకు పైగా ప్రార్థన చేశాను. తగ్గలేదు. ఇది అణచుకోవలసిన కోపం కాదని తెలిసి రాస్తున్నాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే నడుమ నువ్వు మాట్లాడతావు. "అది కాదక్కా" అంటావు. కాగితంతో అనలేవు. చివరిదాకా చదువు.

నువ్వు పెట్టించాలన్న గేటు పనికి మేస్త్రీ వచ్చాడా అని అడిగావు. వచ్చాడు, కొలతలు తీసుకున్నాడు. టీ ఇచ్చి, గేటు వద్దని చెప్పి పంపేశాను. వచ్చిన మనిషి బెల్ కొట్టి, కెమెరాకు ముఖం చూపించి లోపలికి రావడం ఈ ఇంట్లో కుదరదు. నువ్వు కొన్న డైనింగ్ టేబుల్ బాగానే ఉంది. దాని చుట్టూ ఆరుగురే పడతారు. నాయన భోజనాలకు పరిచిన చాప మీద ఎంతమంది పడతారో ఇంతవరకూ తేలలేదు.

ఇద్దరున్న ఇంట్లో రోజూ ఐదుగురికి వంట ఎందుకని పవిత్ర అడిగిందని రాశావు. ఆ పిల్లమీద నాకు కోపం లేదు. చెప్పవలసినవాడివి నువ్వు. చెప్పలేదు. పన్నెండు దాటితే మన వాకిట్లోకి ఎవరో ఒకరు వస్తారు. ధర్మవరం రైలు తప్పిపోయినవాళ్ళు, ఆస్పత్రి పనిమీద వచ్చిన పల్లెవాళ్ళు. ఉండేది ఒక్క పప్పు. మనుషులు ఎక్కువైతే నీళ్ళు పోసి మరిగిస్తాం. చెల్లెలి సంబంధం ఆ పప్పు తింటూనే కుదిరింది. నీ చేత డిగ్రీకి అప్లికేషన్ పెట్టించిన లెక్చరర్, బస్సు చెడిపోయి మనింటికి తిండికి వచ్చినవాడే. ఈ ఊళ్ళో మనకు పొలం లేదు, పలుకుబడి లేదు. మనవాళ్ళు అనదగినవాళ్ళంతా ఆ చాప మీద అయినవాళ్ళే.

ఇక నువ్వు సెలవుకు ఇక్కడికి వచ్చిన ఆ బుధవారం సంగతి.

పవిత్ర అన్న మధు, పెళ్ళి చీరలకని హిందూపురం నుంచి ధర్మవరం వెళ్తూ, భార్యాపిల్లలతో దారిలో దిగాడు. చెప్పి రాలేదు. చెప్పాల్సిన పనీ లేదు. పప్పులో నీళ్ళు పోశాను. నువ్వు వాళ్ళను టేబుల్ దగ్గర కూర్చోబెట్టావు. అప్పుడు చౌడక్క వచ్చింది.

చౌడక్క ఎవరో నీకు తెలుసు. అయినా రాస్తాను, ఆ రోజు తెలియనట్లు చేశావు గనుక.

నాయన చిన్నప్పుడు పెద్ద రైతుల ఇళ్ళల్లో పని చేసి, వాళ్ళ దొడ్డి గడప బయట తువ్వాల పట్టుకుని నిలబడితే, తగలకుండా పైనుంచి అన్నం వేసేవాళ్ళు. ఉద్యోగం వచ్చి ఈ ఇల్లు కట్టాక ఆయన ఒకటే మాట చెప్పాడు. మన గడప దగ్గర ఎవరి చేతికీ అన్నం ఇవ్వకూడదు. తినేవాళ్ళు లోపలికి రావాలి, మనతో కూర్చోవాలి. ఊళ్ళోవాళ్ళు మనింట్లో మంచినీళ్ళు కూడా తాగని రోజుల్లో, సోమందేపల్లి దగ్గరి పల్లె నుంచి ఆకుకూరల గంపతో వచ్చి, మొదటిసారి లోపల కూర్చున్నది చౌడక్క. "ఆకలైతే యాడ కూచుంటే ఏమి? పెట్టమ్మా" అన్నది అమ్మతో. తిన్నందుకు ఆమె సొంతవాళ్ళు ఆరు నెలలు ఏ శుభకార్యానికీ ఆమెను పిలవలేదు. మరుసటి బుధవారం మళ్ళీ వచ్చింది. పప్పులో ఉప్పు తక్కువని కూడా చెప్పింది.

అలాంటి మనిషి ఆ రోజు గంప దించి, "ఏమే సుగుణా, ఈ పొద్దు ఇంటి నిండా చుట్టాలే! నాకు జాగా ఉండాదా, మిద్దె మింద కూచోవల్లా?" అని నవ్వుతూ వస్తుంటే నువ్వు వాకిట్లోకి ఎదురు వెళ్ళావు.

"ఫోన్ చేసి రాకూడదా చౌడక్కా? బంధువులుండారు. అక్కతో కట్టించి ఇస్తా, తీసుకొని పో."

మధు ఫోన్ చేసి వచ్చాడా, ప్రసాద్?

మూట చేతిలో పెట్టావు. ఆమె నవ్వు ఆగిపోయింది. గంప ఎత్తుకుని ఎండలో వెళ్ళిపోయింది. నువ్వు లోపలికి వచ్చి, "పాపం, రెండు పూటలకు అయ్యేంత ఇచ్చినాం" అని అందరికీ చెప్పావు. మంచి పని చేశాననుకున్నావు. నాకు మండింది అక్కడే. నాయన తువ్వాలలో అన్నం వేసినవాళ్ళూ మంచి పనే చేస్తున్నామనుకున్నారు.

తర్వాత రెండు బుధవారాలు ఆమె రాలేదు.

ఇంతసేపూ రాయకుండా ఆపిన మాట ఒకటుంది. ఆ మూట కట్టింది నేను. నువ్వు వంటింటి తలుపు దగ్గర నిలబడి అడిగినప్పుడు, "లోపలికి పిలువు" అంటే సరిపోయేది. మధు ముందు నీ ముఖం చిన్నబోతుందని నోరు మూసుకున్నాను. కట్టి నీ చేతికిచ్చి, వచ్చి అందరితో కలిసి భోజనానికి ప్రార్థన కూడా చేశాను. ఆ ప్రార్థన ఎవరు విన్నారో నాకు తెలియదు.

నిన్న మధ్యాహ్నం బస్సెక్కి ఆమె ఇంటికి వెళ్ళాను. చెప్పకుండానే వెళ్ళాను. చౌడక్క సంగటి కెలుకుతూ ఉంది. తలెత్తి చూసింది.

"రామ్మా. కూచుని తింటావా, కట్టియ్యాల్నా?"

కూర్చుంటానన్నాను. సంగటి, శెనక్కాయల చెట్నీ పెట్టింది. తానూ పెట్టుకుంది. సగం తిన్నాక అన్నది:

"నీ తమ్ముడు పట్నం మనిషైనాడు, వాన్ని ఇడిసిపెట్టు. మూట ఇప్పబోతే రెండు ముళ్ళు ఉండాయి. అట్ల కట్టేది ఎవరో నాకు తెలీదా?"

"తప్పు చేసినా చౌడక్కా" అన్నాను.

"చేసినావు" అన్నది. పోనీలే అనలేదు. ఇంకొంచెం సంగటి మాత్రం పెట్టింది.

బుధవారం రమ్మని అడిగాను. "రాబుద్ధి కాలేదు నాకు. బలవంతం చేయాకు" అన్నది.

కాబట్టి విను. ఆమెకు ఫోన్ చేయకు. చీర గీర పంపకు. లీవు పెట్టి రా. పవిత్రను కూడా తీసుకురా, తనూ చూడాలి. ఆమె తినే వేళకు, చెప్పకుండా, ఆమె వాకిట్లో నిలబడు. ఆకలైందని అడుగు. లోపలికి పిలిస్తే కూర్చుని తిను. పిలవకుండా గడప దగ్గరే చేతికిచ్చిందంటే, అదీ తీసుకో. ఎదురు మాట్లాడకు. అది చేతిలో పట్టుకుని బస్టాండు దాకా నడిచి చూడు, ఎంత దూరమో తెలుస్తుంది.

ఆ రోజు నీ పక్కన నేనూ నిలబడతాను. నా చేయి కూడా చాపుతాను.

ఇట్లు,
నిన్ను ఎత్తుకుని పెంచిన
పెద్దక్క సుగుణ