రెండో నల్లద్దం

బాబాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. మొత్తానికి ఇంట్లోకి వెల్డింగ్ మిషన్ కొన్నాను. విత్తనాల గొర్రు విరిగినప్పుడల్లా పొదిలిలో నీ షాపుకే తెచ్చేవాణ్ణి. ఇప్పుడు అక్కడ నువ్వు లేవుగా.

వినుకొండలో కొట్టతను కొత్తగా రంగేసిన చవక మిషన్ చూపించాడు. "రంగు చూసి కొనకురా" అనేవాడివని, ఒక ఇనుప ముక్క, రాడ్లు వెంట తీసుకెళ్లాను. "వరసగా మూడు రాడ్లు కాల్చి చూస్తానండీ" అన్నాను. "ఏం, మా మీద నమ్మకం లేదా?" అని కసిరాడు. రెండో రాడ్డుకే మిషన్ వేడెక్కి, దాని మీద చెయ్యి పెట్టలేకపోయాను. మూలనున్న పాత మిషన్ మాత్రం మూడు రాడ్లకూ గోరువెచ్చగానే ఉంది. లోపల రాగి తీగ. ఎత్తబోతే నడుం పట్టేసింది. ఇంటి కరెంటుకే నడుస్తుంది, ధరా తక్కువే. అదే తెచ్చాను.

నీ దగ్గర పని నేర్చుకున్నన్నాళ్లూ, మంట వెలుగు కళ్లకు తగలకుండా అడ్డం పెట్టుకునే నల్లద్దం, షాపులో ఉన్న ఒక్కటీ నాకిచ్చి, నువ్వు ముక్క పట్టుకుని మొహం పక్కకి తిప్పేవాడివి. పొద్దున్నే నీ కళ్లు ఎర్రగా ఉంటే "మిరప కల్లాల ఘాటురా" అనేవాడివి. నమ్మాను. కల్లాల్లో ఒక్క కాయ లేని నెలల్లోనూ నమ్మాను.

ఇవాళ గొర్రు అతకబోతే నీ కోడలు ముక్క పట్టుకుని మొహం పక్కకి తిప్పుకుంది. ఆగమని, ఇంకో నల్లద్దం తన చేతిలో పెట్టాను.

"రెండెందుకు కొన్నారండీ?" అంది.

"అది బాబాయ్‌ది. పెట్టుకో" అన్నాను.