నాన్నవి రెండు ఫొటోలు

మార్చి 12, గురువారం

ప్రియమైన అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మామూలే. ఈసారి ఆ మాట రాయాలో వద్దో తెలియక ముందు సంగతి చెబుతున్నాను.

పాత కెమెరా కొన్నానని రాశాను కదా. నలుపు తెలుపు ఫిల్ము ఒకటి, రంగులది ఒకటి తెచ్చి, ఒకే మనిషిని రెండింట్లోనూ తీసి తేడా చూద్దామనుకున్నాను. నాన్న దొరికారు. కొట్లో కుట్టుమిషను ముందు, మెడలో టేపుతో, ఒళ్లో తెల్ల చొక్కా బట్టతో బుద్ధిగా కూర్చున్నారు.

నలుపు తెలుపులో పదేళ్లు తగ్గినట్టున్నారు. రంగుల్లో మాత్రం ఒళ్లో బట్టా, మొహం పసుపు, కళ్లు మరీ పసుపు.

ఫిల్ములు కడిగే ల్యాబాయనకు చూపించాను. బల్బు వెలుగులో తీస్తే ఈ ఫిల్ము పసుపు కొడుతుందని, పగటి వెలుగులో తీయమని చెప్పాడు. ప్రాణం కుదుటపడింది. మర్నాడు పొద్దున నాన్నని అదే బట్టతో, పక్కన అమ్మని వరండాలో కూర్చోబెట్టి తీశాను. ఈసారి నాన్న ఒళ్లో బట్ట తెల్లగానే వచ్చింది. అమ్మ కళ్లూ తెల్లగానే ఉన్నాయి. నాన్నవి మాత్రం మారలేదు.

కడగడంలో ఏదైనా తేడా వచ్చిందేమోనని అడిగాను. ల్యాబాయన ప్రింటు చాలాసేపు చూసి, "ఫిల్ముకి మనుషుల్ని ఏరుకోవడం రాదమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చి నాన్న మొహంలోకి చూశాను. పసుపు ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. రోజూ చూసే మనిషి కదా, మునుపెలా ఉండేవారో గుర్తు రావట్లేదు. అన్నం సగంలో వదిలేస్తుంటే ఎండలు కదా అనుకున్నాను. ఒంట్లో ఎలా ఉందని అడిగితే నవ్వేసి, సూదిలో దారం ఎక్కించమని నా చేతికిచ్చారు. డాక్టరు దగ్గరికి లాక్కెళ్లనా? ఫొటో చూసి హడలిపోయిందని నవ్వుతారా? నలుపు తెలుపుదీ, వరండాలో తీసిన రంగులదీ రెండూ ఇందులో పెట్టాను. దేన్ని నమ్మాలో నువ్వే చెప్పు.

నీ చెల్లెలు,
పిచ్చుక

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మ వచ్చింది. ప్రింట్లు చూపిస్తే చేతిలోకి కూడా తీసుకోలేదు. "తెలిసి పది రోజులైందే. మీ ఇద్దరికీ చెప్పొద్దని మీ నాన్న నా చేత ఒట్టేయించుకున్నారు," అంది. కాలేయం దగ్గర గడ్డట. ఇరవై మూడున ఆపరేషన్. చుట్టాలింటికని నాతో చెప్పి, ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లిపోదామనుకున్నారట. నాకు తెలిసిపోయిందని నాన్నకి ఇంకా తెలియదు. పక్కగదిలో కూనిరాగం తీస్తూ మిషను తొక్కుతున్నారు. ఉత్తరం అందగానే బయల్దేరు అక్కా.