శుక్రవారం మందులు

లాడ్జిలో వంట చేసే మా అన్నయ్యకు,

నీ మేనకోడలు లుంబివే ఇవాళ లేచి కూర్చుని రెండు ముద్దలు మొక్కజొన్న న్షిమా తిన్నది, కంగారు పడకు. కానీ ఒక సంగతి నా మనసును తొలిచేస్తోంది.

మంగళవారం పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే మన ఊరి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాను. "మలేరియా మందుల్లేవు తల్లీ. శుక్రవారం రా. పిల్లకి మంచి గౌను వేసి తీసుకురా" అంది నర్సు. జ్వరం పిల్లకి మంచి గౌనెందుకు? నేను ఆగలేదు. ఏనుగులు తిరిగే దారిలోనే సైకిలు మీద మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళి బతికించుకున్నాను.

శుక్రవారం మన ఊరి ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళి చూశాను. ఏనుగుల్ని చూడ్డానికి విదేశాల నుంచి వచ్చే మీ లాడ్జి అతిథులు ఆసుపత్రి చూడ్డానికి వచ్చారు. అరల నిండా మందులే! బడి పిల్లలు పాఠాలు మానేసి ఎండలో వాళ్ళకు పాటలు పాడారు. అతిథులు వెళ్ళగానే మీ జీపు వచ్చి మందుల పెట్టెలన్నీ ఎక్కించుకుంది. ఎక్కడికని అడిగితే డ్రైవరు నవ్వాడు. "మీ అన్ననే అడుగమ్మా. ఆయన వంటగది పక్కనే పెడతాం."

అన్నయ్యా, నీకు తెలుసా? తెలియదంటే నమ్మాలనే ఉంది. జవాబు మాత్రం రాయకు. పక్కింటి పాపకు నిన్నటి నుంచి జ్వరం. ఆ మందులు తీసుకుని నువ్వే రా.

నీ చెల్లెలు